పెరటాసిలో రూములు నిండితే ఆ గొప్ప ఎవరిది?

ప్రశ్న: తిరుపతిలో రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మాకు 24 గదుల లాడ్జి ఉంది. నాన్న పోయాక నేనూ మా చిన్నాయనా కలిసి చూసుకుంటున్నాం. ఒక ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీ ఏజెంటు వచ్చి, వాళ్ల యాప్‌లో మా లాడ్జి పై వరసలో కనబడేలా పెడతామన్నాడు. సెప్టెంబరు 17 నుంచి నెల రోజులు ఉచితంగా పెట్టి చూపించాడు. అంతకు ముందు నెల రోజుకు సగటున 15 గదులు నిండితే, ఆ నెల 18 నిండాయి. ‘రోజుకు మూడు గదులు పెంచి చూపించాం కదా’ అంటున్నాడు. ఈ ప్యాకేజీకి నెలనెలా కడితే 12,000, ఏడాదికి ఒకేసారి కడితే 1,20,000. చిన్నాయనేమో ‘ఇంకేం చూడాల? రూములు నిండతా ఉండాయి కదా’ అని సంతకం పెట్టేయమంటాడు. నాకే నమ్మకం కుదరడం లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక పేపరుగా చదివాను కాబట్టి టీ-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడా ఊరికే అదృష్టం కొద్దీ వచ్చి ఉంటుందా అని చూసే లెక్క) వేసి చూశాను. తేడా ‘సిగ్నిఫికెంట్’, అంటే ఊరికే వచ్చింది కాదనే వచ్చింది. అంటే చిన్నాయన మాటే కరెక్టా? గది అద్దె 1,200. దుప్పట్ల ఉతుకు, కరెంటు, నీళ్లు, పనివాళ్ల ఖర్చు పోగా గదికి 900 మిగులుతుంది. రెండు నెలల రోజువారీ లెక్క జత చేస్తున్నాను. ఇంకో మాట: ఫోనులో బుక్ చేసుకునేవాళ్లలో అయిదుగురికి ఒకరు రారు. అడ్వాన్సు అడిగితే ఫోన్ పెట్టేస్తారు. 24 గదులకు 26 బుకింగులు తీసుకోవచ్చా? పక్క సందులో కొత్త లాడ్జికి 9 మంది కలిసి 4.8 స్టార్లు ఇచ్చారు, మాకు 310 మంది కలిసి 4.2. దీనికి దిగులు పడాలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ టీ-టెస్ట్‌లో తప్పేమీ లేదమ్మా. అది సరిగానే జవాబు చెప్పింది. కాకపోతే అది చెప్పింది వేరే ప్రశ్నకు.

మీరు పంపిన లెక్క నేనూ వేసి చూశాను. ఏ నెలలోనైనా మీ గదుల సంఖ్య రోజుకూ రోజుకూ సగటు చుట్టూ నాలుగు గదుల మేర అటూ ఇటూ ఊగుతోంది. అదే మీ స్టాండర్డ్ డీవియేషన్. ముప్పయ్యేసి రోజుల రెండు సగటులను పోల్చినప్పుడు, ఊరికే ఈ ఊపు వల్లే వాటి మధ్య ఒక గది దాకా తేడా రావడం మామూలు. మీకు వచ్చింది మూడు. రెండు నెలలూ ఒకే రకం నెలలై ఉంటే, ఇంత తేడా కేవలం అదృష్టం కొద్దీ రావడం వెయ్యిలో నాలుగైదు సార్లకు మించదు. కాబట్టి ‘ఇది కాకతాళీయం’ అన్న మాటను పక్కన పెట్టవచ్చు. టెస్ట్ చెప్పింది అంతే: ఈ రెండు నెలలూ ఒకటి కావు.

అది చెప్పడానికి టెస్ట్ కావాలా? సెప్టెంబరు 17 అంటే తమిళులు వెంకన్న నెలగా చూసుకునే పెరటాసి మొదలు. మన చిత్తూరు, తిరుపతి వైపు ఆ నెలలో ఏ బస్టాండులో నిలబడినా సగం గోల అరవంలోనే వినిపిస్తుంది. పెరటాసి శనివారాలకు తమిళనాడు నుంచి ఎంత జనం వస్తారో మీకు నేను చెప్పేదేముంది? బ్రహ్మోత్సవాలూ ఆ చుట్టుపక్కలే పడతాయి. అంతకు ముందు నెల, ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 16 దాకా, దాంతో పోలిస్తే చప్పగా ఉంటుంది. ఉచిత నెలను సరిగ్గా 17న మొదలుపెట్టిన ఏజెంటుకు మన ఊరి క్యాలెండరు తెలియదంటే నేను నమ్మను. మోసం అనడం లేదు. వ్యాపారం.

1710లో లండన్‌లో జాన్ ఆర్బుత్‌నాట్ అనే వైద్యుడు ఇలాంటి పనే చేశాడు. ఆ నగరపు చర్చిల బాప్తిస్మ రికార్డులు 82 ఏళ్లవి తీసి చూస్తే, ప్రతి ఏడూ ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువ ఉన్నారు. ఇది నాణెం ఎగరేసినట్టు జరిగే వ్యవహారమే అయితే వరసగా 82 సార్లు బొమ్మే పడాలి. అది జరిగే పని కాదు. కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదన్నాడు. అక్కడిదాకా లెక్క నిలుస్తుంది. తర్వాత ఒక్క గెంతు గెంతి, ఇదంతా దేవుడి ఏర్పాటు అని తేల్చాడు. ‘యాదృచ్ఛికం కాదు’ అన్నది లెక్క చెప్పింది. ‘మరి ఎవరి వల్ల’ అన్నది లెక్క చెప్పలేదు, ఆయన నమ్మకం చెప్పింది. మీ చిన్నాయన గెంతు కూడా అదే. ఆయన దేవుడి చోట ఏజెంటును పెట్టాడు. మీ విషయంలో ఆర్బుత్‌నాట్ జవాబే ఎక్కువ నిజమేమో, గదులు నిండింది చాలావరకు వెంకన్న దయవల్లే!

ఇంకో లోపం కూడా ఉంది. టీ-టెస్ట్ మీ ముప్పయి రోజులనూ ముప్పయి మంది వేరువేరు సాక్షుల కింద లెక్కేసింది. కానీ రద్దీ మొదలైతే వారమంతా ఉంటుంది, తగ్గితే వారమంతా తగ్గుతుంది. ఒకే ఇంట్లోని ఏడుగురు వచ్చి ఒకే మాట చెబితే కోర్టులో అది ఏడు సాక్ష్యాలవుతుందా? అందుకే ఆ ‘వెయ్యిలో నాలుగైదు’ అన్న ధీమా కూడా కనబడినంత గట్టిది కాదు.

మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ప్యాకేజీ లేకుండా ఉంటే ఆ పెరటాసి నెలలో ఎన్ని గదులు నిండి ఉండేవి? 15 కాదు. ఆ సంఖ్య ఎంతో తెలిస్తేగానీ 18 ఎక్కువో తక్కువో చెప్పలేం. దాన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని దారి మీ అటక మీదే ఉండాలి. నాన్నగారు రాసిన పాత రిజిస్టర్లు దించండి. ఇవే తేదీల మధ్య గడిచిన నాలుగైదేళ్లలో ఎంత పెరిగిందో చూడండి. 2020, 2021 మాత్రం వదిలేయండి, ఆ రెండేళ్లు దేనికీ పోలిక కావు. ప్రతి ఏడూ ఎవరూ ఏ యాప్‌లోనూ పెట్టకుండానే 15 నుంచి 17న్నరకు పెరుగుతూ వస్తే, ఏజెంటు వాటా అర గది. పెరటాసి వచ్చినా ఎప్పుడూ ఒక గదికి మించి పెరగలేదని తేలితే, అప్పుడు అతని మాటలో బలం ఉన్నట్టే.

టీటీడీ రోజూ చెప్పే దర్శన సంఖ్యతో పోల్చుకోవచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. ఎంత మంది దర్శించుకున్నారు, ఎంత మంది తలనీలాలిచ్చారు, హుండీ ఎంత అని పేపర్లో రోజూ వస్తూనే ఉంటుంది. పనికొస్తుంది, కానీ జాగ్రత్త. ఒక రోజులో ఇంతమందికే దర్శనం చేయించగలరని ఒక హద్దు ఉంటుంది. రద్దీ ఆ హద్దు దాటాక దర్శించుకున్నవాళ్ల సంఖ్య పెరగదు, క్యూ పొడుగు పెరుగుతుంది. అందుకని రద్దీని కొలవాలంటే ‘సర్వదర్శనానికి ఎన్ని గంటలు’ అన్న అంకె మేలు. రిజిస్టరులో గదుల పక్కన ఆ గంటలు కూడా ఒక గడిలో రాసుకుంటూ పోండి. ఏడాది తిరిగేసరికి ఏ ఏజెంటు దగ్గరా లేని సమాచారం మీ దగ్గర ఉంటుంది.

ఇలాంటి హద్దే మీకూ ఉంది: 24. మీరు పంపిన లెక్కలో శనివారాలు దాదాపు అన్నీ 24 దగ్గరే ఆగిపోయాయి, ఆదివారాలూ దాదాపు అంతే. నిండిపోయిన లాడ్జిని ఏ యాప్ ఇంకా నింపలేదు. కాబట్టి ప్యాకేజీ నిజంగా ఏమైనా చేస్తే అది సోమవారం నుంచి గురువారం రాత్రుల్లోనే కనబడాలి. మీ రెండు నెలల సగటులో ఆ రాత్రులూ నిండిన రాత్రులూ కలగాపులగం అయిపోయాయి. విడదీసి చూశాను. సోమ-గురు రాత్రుల్లో పెరుగుదల సగటు కంటే తక్కువగా ఉంది, శుక్రవారాల్లో ఎక్కువగా ఉంది. ఇది యాప్ పోకడలా లేదు, పెరటాసి పోకడలా ఉంది. ఒక్క నెల లెక్కతో ఇంతకంటే గట్టిగా అనలేను.

ఏజెంటు మీకు ఇంకో అంకె కూడా చూపించే ఉంటాడు, ‘మా యాప్ నుంచి ఇన్ని బుకింగులు వచ్చాయి’ అని. దానికీ మోసపోకండి. స్టేషన్ బయట నిలబడి మీ బోర్డు చూసి, లోపలికి వచ్చే ముందు ఫోన్ తీసి యాప్‌లో రేటు చూసి అక్కడే బుక్ చేసుకునే కుర్రాడు ఎలాగూ మీ మనిషే. యాప్ అతన్ని తెచ్చిపెట్టలేదు, దారి మార్చిందంతే. ఏటేటా వచ్చే పాత కస్టమరు కూడా డిస్కౌంటు కోసం యాప్‌లోంచి వస్తాడు. వచ్చిన బుకింగులు వేరు, అదనంగా వచ్చిన బుకింగులు వేరు.

ఇక అసలు పరీక్ష. పది వారాలు పెట్టుకోండి. రెండేసి వారాలు ఒక జంట, అయిదు జంటలు. ప్రతి జంటలో ఒక వారం ప్యాకేజీ ఉండాలి, ఒక వారం ఉండకూడదు. ఏ వారం ఉండాలన్నది మీరు నిర్ణయించకండి, చిన్నాయన అసలే నిర్ణయించకూడదు. రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మొదటి వారం, బొరుసు పడితే రెండోది. మనిషి ఎంచుకుంటే తెలిసో తెలియకో మంచి వారం తన పక్షానికి లాక్కుంటాడు. బిళ్లకు పెళ్లి ముహూర్తాలూ తెలియవు, సెలవులూ తెలియవు.

వారాన్ని శనివారం మొదలుపెట్టండి. ప్యాకేజీ పెట్టడమైనా తీయడమైనా శనివారం పొద్దునే. పాత వారంలో చూసి బుక్ చేసుకున్నవాళ్లు కొత్త వారంలోకి కొంత పొంగుతారు కదా, ఆ పొంగు శని, ఆదివారాల్లో పోతుంది. ఎలాగూ నిండిపోయే ఆ రెండు రాత్రులనూ మనం లెక్కలోకి తీసుకోం. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రాత్రుల గదులు కూడండి. జంటలో ఏ వారం ఎక్కువ? ప్యాకేజీ ఉన్న వారమా, లేని వారమా? అంతే రాసుకోండి. ప్యాకేజీ వల్ల ఒరిగేది ఏమీ లేకపోతే ఒక్కో జంటలో అది గెలవడం బిళ్ల పడినట్టే, సగం సగం. అయిదుకు అయిదూ గెలవడం 32లో ఒకసారి, అంటే నూటికి మూడు. అయిదింట నాలుగో అంతకంటే ఎక్కువో గెలవడం 32లో ఆరుసార్లు, నూటికి 19. ఆర్బుత్‌నాట్ 82 ఏళ్లకు వేసిన లెక్కే ఇది, మీ అయిదు జంటలకు కుదించాను. టీ-టేబుల్ కూడా అక్కర్లేదు.

ఏ ఫలితానికి ఏం చేస్తారో ముందే కాగితం మీద రాసి, చిన్నాయన చేత కూడా సంతకం పెట్టించండి. నేనైతే ఇలా రాస్తాను: అయిదింట కనీసం నాలుగు గెలిచి, సోమ-గురు రాత్రుల్లో సగటు తేడా ఒక గది దాటితే కొనసాగిస్తాం. లేకపోతే మానేస్తాం. నాలుగో వారంలోనే ‘రెండుకు రెండూ గెలిచింది, ఇంక పెట్టేద్దాం’ అనే మాట వస్తుంది. ఒప్పుకోకండి. ప్రతి వారం తొంగిచూసి, నచ్చిన రోజున ఆపేసే పరీక్షలో ఎవరికి కావాల్సిన జవాబు వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు దొరికి తీరుతుంది.

ఆ ఒక్క గది అన్న అంకె ఎక్కడిదంటారా? నెలకు 12,000 వెనక్కు రావాలంటే, గదికి 900 చొప్పున 14 గదులు అదనంగా నిండాలి. సోమ-గురు రాత్రులు నెలకు 17 అనుకుంటే రాత్రికి ఒక గదికి కాస్త తక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది చదువుకున్నవాళ్లు కూడా దాని దగ్గరే బోల్తా పడతారు. ఆ 14 గదులను నెల మొత్తానికి పరిస్తే రోజుకు అర గది కూడా కాదు. రోజుకు నాలుగు గదుల ఊపు ఉన్న లాడ్జిలో అర గది తేడాను, మీరు వాడిన పద్ధతిలోనే రోజుల సగటులు పోల్చి గట్టిగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు 1,300 రోజుల పైమాట. మూడున్నరేళ్లు ప్యాకేజీ పెట్టి, మూడున్నరేళ్లు తీసి చూడాలి. అప్పటికి ఆ యాప్ ఉంటుందో లేదో! కానీ ఏజెంటు చెప్పింది అర గది కాదు కదా, మూడు గదులు. మూడు గదుల తేడాకు ఒక్కో వైపు నెల రోజులకు కాస్త అటూ ఇటూగా చాలు. అతను మాట పెద్దది అన్నాడు కాబట్టి దాన్ని పరీక్షించడం చవక. మన పది వారాల పరీక్ష ఆ పెద్ద మాటను నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది. చిన్న లాభం ఉందా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. పరీక్షలో ప్యాకేజీ ఓడిపోతే ‘దీనివల్ల ఏమీ లేదని రుజువైంది’ అని చిన్నాయనతో అనకండి. మూడు గదులు లేవని తేలిందంతే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. డబ్బు వైపు నుంచి చూస్తే చిన్నాయన తొందరలో కొంత న్యాయం ఉంది. ఏజెంటు మాట నిజమై, ఆ మూడు గదులూ సోమ-గురు రాత్రుల్లోనే వచ్చాయనుకున్నా నెలకు 45,900 మిగులు. కట్టాల్సింది 12,000. అంటే అతని మాట నిజమయ్యే అవకాశం నూటికి 27 ఉన్నా, లెక్క ప్రకారం పందెం మీ వైపే మొగ్గుతుంది. ‘నూటికి 95 పాళ్లు నమ్మకం కలిగితేనే డబ్బు కడతాను’ అని కూర్చుంటే మంచి బేరాలు చాలా పోతాయి. ఆ 95 శాతం గీత పరిశోధన పత్రాల్లో పాతుకుపోయిన అలవాటు. దుకాణానికి అది శాసనం కాదు. అసలు మీరు వేసిన టీ-టెస్ట్ పుట్టిందే వ్యాపారంలో. డబ్లిన్‌లో గిన్నెస్ అనే బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, కొద్దిపాటి నమూనాలతోనే బార్లీ గురించీ బీరు గురించీ తేల్చుకోవాల్సి వచ్చి దాన్ని కట్టాడు. కంపెనీ వాళ్లు సొంత పేరుతో అచ్చు వేయనివ్వకపోతే 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో వేశాడు. ఎంత గట్టి నమ్మకం కావాలన్నది, వచ్చే లాభాన్నీ పరీక్షకయ్యే ఖర్చునూ బట్టి చూసుకోవాలన్నది ఆయన తీరు. పాఠ్యపుస్తకాల్లో టెస్ట్ మిగిలింది, ఆ మాట మాయమైంది.

అయితే పందెం మంచిదైనంత మాత్రాన ఏడాది డబ్బు ఒకేసారి పోయాలని లేదు. ఒకేసారి కడితే నెలకు 2,000 కలిసొస్తుంది. మీరు నెలనెలా కడుతూ పది వారాలు చూస్తే, ఆ తగ్గింపులో సుమారు 5,000 వదులుకుంటారు. 1,20,000 ఇరుక్కుపోకుండా ఉండటానికి 5,000 ఖర్చు. ఇది నాకు చవక బేరంలా కనబడుతోంది. ప్యాకేజీ వారం విడిచి వారం తీసి పెట్టడానికి ఏజెంటు ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే, గదికి ఇంత అని కమీషను మీద రమ్మనండి. తన సరుకు మీద తనకు నమ్మకం ఉన్నవాడికి కమీషను చేదుగా ఉండకూడదు. అదీ కాదు, ఏడాది డబ్బు ముందే కావాలంటే, నష్టం వచ్చే అవకాశమంతా మీ నెత్తిన పెడుతున్నాడని అర్థం. అప్పుడు చిన్నాయనను నా దగ్గరకు పంపండి.

పరీక్షకు వారాలు ఎంచుకునేటప్పుడు డిసెంబరు చివరి వారం, జనవరి 1, వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు, సంక్రాంతి వారం తీసేయండి. జంటలో రెండు వారాలూ ఒకదాని పక్కన ఒకటి ఉండాలి, రెండూ మామూలు వారాలై ఉండాలి. జంటకూ జంటకూ మధ్య ఖాళీ వచ్చినా ఫర్వాలేదు.

స్టార్ల సంగతి: దిగులు వద్దు. తొమ్మిది మందిలో ఏడుగురు అయిదు, ఇద్దరు నాలుగు ఇస్తే 4.8. రేపు పదోవాడికి వేడినీళ్లు రాక ఒక్క స్టారు ఇస్తే అది 4.4కు పడుతుంది. అదే మనిషి మీకు ఒక్కటి ఇచ్చినా మీ 4.2 కదలదు. పైగా కొత్త లాడ్జికి మొదటి తొమ్మిది మంది ఎవరై ఉంటారో ఊహించడం కష్టమేం కాదు. వాళ్లకు వంద దాటాక పోల్చుకోండి. ఈలోగా మీ 310లో ఒకటీ రెండూ స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి. పది మంది ఒకే గది వాసన గురించి రాసి ఉంటే అది స్టాటిస్టిక్స్ కాదు, ప్లంబరును పిలవాల్సిన పని.

ఫోన్ బుకింగులు మీరు అనుకున్నదానికంటే ఆసక్తికరమైన విషయం. అయిదుగురికి ఒకరు రారు, ఎవరి రాకపోకలు వాళ్లవే అనుకుందాం. 26 బుకింగులు తీసుకుంటే 25 మందో 26 మందో వచ్చేసి గొడవయ్యే అవకాశం నూటికి రెండు చిల్లర. 27 తీసుకుంటే ఏడు. 28 తీసుకుంటే పదహారు. ఇది చూస్తే 26 హాయిగా తీసుకోవచ్చనిపిస్తుంది. కానీ ఆ ‘అయిదుగురికి ఒకరు’ ఏడాది మొత్తం సగటు. వైకుంఠ ఏకాదశి ముందురోజు ఫోన్ చేసినవాడు మానేస్తాడా? ఆ రోజు ఇరవై మందికి ఒకరే రారనుకోండి, అవే 26 బుకింగులకు గొడవయ్యే అవకాశం నూటికి 62. బుకింగులూ అన్నే, గదులూ అన్నే. మారింది ఒక్క అంకె, రిస్కు రెండు నుంచి అరవై దాటింది.

పైగా ‘ఎవరి రాకపోకలు వాళ్లవే’ అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. చెన్నై నుంచి ఒక పెద్ద కుటుంబం నాలుగు గదులు చెబితే, వస్తే నాలుగూ వస్తాయి, మానితే నాలుగూ పోతాయి. తుపాను పట్టి రైళ్లు ఆగితే సగం మంది ఒకేసారి మానేస్తారు. అందుకని గదుల సంఖ్య కాకుండా ఎన్ని గుంపులు అన్నది రాసుకోండి.

ఫోనులో ఒక్క ప్రశ్న చేర్చండి: ‘దర్శనం టికెట్ ఉందా అండీ?’ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, తేదీ, సమయం చేతిలో ఉన్నవాడు దాదాపు వచ్చి తీరతాడు. ‘అక్కడికొచ్చి టోకెన్ తీసుకుంటాం’ అనేవాడి రాక అంత ఖాయం కాదు. రిజిస్టరులో ప్రతి బుకింగు పక్కన ‘ఉంది’, ‘లేదు’ అని గుర్తు పెట్టి, వచ్చారా లేదా రాయండి. రెండు నెలల్లో మీకు ఒక అంకె కాదు, రెండు అంకెలు దొరుకుతాయి. ఒక శనివారానికి వచ్చిన 24 బుకింగుల్లో 20 టికెట్ ఉన్నవే అయితే ఇంకొకటి కూడా తీసుకోకండి. సగం లేనివే అయితే రెండు తీసుకోండి. ఇప్పటి మీ 20 శాతం ఈ రెండు రకాల మనుషులనూ కలిపేసిన అంకె. దాంతో ఏ ఒక్క రోజుకూ సరైన జవాబు రాదు.

పండగ రోజుల్లో అసలు అదనపు బుకింగులు అక్కర్లేదు. రానివాళ్ల గది పది నిమిషాల్లో కౌంటరు దగ్గరే పోతుంది. మామూలు మంగళవారం 24 ఫోన్లే రావు. కాబట్టి ఈ తలనొప్పి మీకు ఎప్పుడో కొన్ని మామూలు శనివారాలకే. ఆ రోజుల్లో 26 తీసుకుంటే సగటున ఒకటిన్నర గది, అంటే సుమారు 1,400 అదనంగా మిగులుతుంది. ఎప్పుడైనా ఒక కుటుంబాన్ని వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు పక్క లాడ్జిలో మీ ఖర్చుతో గది ఇప్పించి, ఆటో డబ్బులూ మీరే ఇచ్చి 1,500 పోగొట్టుకున్నా, వంద శనివారాల్లో రెండు మూడుసార్లు జరిగేదాన్ని సగటు చేస్తే శనివారానికి 40 కూడా పడదు. అయితే ఆ పక్క లాడ్జి వాళ్లతో ఈ మాట ముందే అనుకుని ఉండాలి. రాత్రి పదకొండింటికి, గుండు చేయించుకున్న చంటిపిల్లాడిని ఎత్తుకుని నిలబడిన తల్లి ముందు ఫోన్ తీసి గది వెతకడం మొదలుపెడితే ఈ లెక్కలేవీ మిమ్మల్ని కాపాడవు.